సుకన్య విప్పించిన పుస్తకం

సుకన్య నోటికి జడవనివి నాకు తెలిసి ఈ తార్నాకలో రెండే. ఒకటి ఆమె తల్లి సారమ్మగారు. రెండోది యూనివర్సిటీ లైబ్రరీ వెనక గదిలో ఉన్న పాత ఇనుప ప్రెస్సు. మిగతా అందరం జడిసేవాళ్లమే. అందులో మొదటివాణ్ణి నేను.

నా పేరు ఉమాపతి. ఆ లైబ్రరీలోనే ముప్పై ఏళ్లు పనిచేసి డిప్యూటీ లైబ్రేరియన్‌గా రిటైరై ఎనిమిదేళ్లయింది. సుకన్య అక్కడ బైండరు. ఆమె పై అధికారిని నేనే అని కాగితాల మీద ఉండేది. అది కాగితాల మీదే ఉండేది. "ఈ పుస్తకాలు సోమవారానికి కావాలమ్మా" అని అడిగితే, "ఏ సోమవారం సార్?" అనేది. కానీ ఆమె చేతిలోంచి వచ్చిన పుస్తకాన్ని ఎమ్మే పిల్లలు ఇరవై ఏళ్లు చీల్చి చెండాడినా ఒక్క కుట్టు ఊడేది కాదు. అందుకని నోరు మూసుకునేవాణ్ణి.

ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి ఆమెకి మెమో ఇచ్చాను. పుస్తకం కుట్టాక దాని వెన్ను మీద మైదాపిండి లై పూసి ఒక కాగితం పట్టీ అంటిస్తారు. పైన గుడ్డ, అట్ట వచ్చేస్తాయి కాబట్టి ఆ పట్టీ ఇంకెవరికీ కనపడదు. దానికి కొత్త కాగితం ఏ బైండరూ వాడడు, చేతికందిన చిత్తుకాగితమే. సుకన్య చేతికి మా ఆఫీసు సర్క్యులర్లు, పాత ప్రశ్నపత్రాలు, స్నాతకోత్సవం ఆహ్వానాలు అందేవి. ఆఫీసు కాగితాలను ఇలా పాడుచేయడమేమిటని సంజాయిషీ అడిగాను. ఒక్క వాక్యంలో జవాబు రాసింది: బీరువాలో పెట్టిన కాగితాన్ని చెదలు తింటాయి, వెన్నులో పెట్టిన కాగితం పుస్తకం ఉన్నంత కాలం ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆ మెమో కోసం ఫైలు తిరగేస్తే దొరకలేదు. "ఫికర్ చేయకున్రి సార్, అది కూడా ఒక పుస్తకం వెన్నులో క్షేమంగా ఉన్నది" అంది. ఏ పుస్తకమో ఈరోజుకీ చెప్పలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన సెప్టెంబరులో ఆ చిత్తుకాగితం పట్టీ కోసం మేమంతా నాలుగు రోజులు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. అరవై ఆరేళ్ల జీవితంలో నా గుండె అంత గట్టిగా కొట్టుకున్న వారం ఇంకోటి లేదు.

సుకన్య తండ్రిని సుకన్య చూడలేదు. ఆయన పేరు శాంతికుమార్. నరసాపురంలో ఆయన తండ్రికి అచ్చాఫీసు పక్కనే బైండింగు కొట్టుండేది. పుస్తకం కుట్టడం నేర్చుకుని, ఆ కొట్లో గాలాడక ఇరవయ్యో ఏట సైన్యంలో గుమాస్తాగా చేరాడు. ఇరవై రెండో ఏట సారమ్మను పెళ్లిచేసుకున్నాడు. పెళ్లి సెలవు తర్వాత మరోసారి సెలవుకొచ్చి, జనవరి ఆఖర్లో తిరిగి వెళ్తుండగా, సరిహద్దు చౌకీకి జవాన్లను తీసుకెళ్లే సైనిక విమానం హిమాలయాల్లో మంచుతుఫానులో చిక్కుకుంది. ఎదురుగా ఏమీ కనబడడం లేదని పైలటు చెప్పిన మాటే ఆఖరిది. అరవై మంది. అప్పటికి సారమ్మగారికి ఏడో నెల.

ఆ తర్వాత ఆమె కడుపులో బిడ్డతో, చేతిలో ఒక టెలిగ్రాంతో మిగిలింది. బిడ్డకు రెండేళ్లు నిండాక సికింద్రాబాదు మిషను స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికితే ఇటు వచ్చేసింది. ఎండాకాలం సెలవులకు నరసాపురం వెళ్లినప్పుడల్లా సుకన్య తాత దగ్గర సూదీ దారం పట్టింది. అదే చివరికి ఉద్యోగమైంది. ఇప్పుడు తల్లీ కూతుళ్లు తార్నాకలో ఒకే ఇంట్లో ఉంటారు. అల్లుడు విజయ్ కుమార్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. అతనిది ఎంత మెత్తటి నోరంటే ఆ ఇంట్లో అది ఉన్నట్టే తెలియదు.

వాళ్లింట్లో ఒక పుస్తకముంది. పెళ్లైన ప్రతి జంటకూ సుకన్య తాత ఒకటి కుట్టి ఇచ్చేవాడట. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పేజీకి నాలుగు వరసలు: పుట్టుక, బాప్తిస్మం, పెళ్లి, మరణం. శాంతికుమార్ పేజీలో మూడు వరసలే నిండాయి. నాలుగో వరసలో తేదీ వెయ్యమని అత్తమామలు, పాస్టరుగారు ఎంత చెప్పినా సారమ్మగారు వెయ్యలేదు. "మనిషిని చూపించండి, రాస్తాను" అనేదట.

ఏటా నవంబరులో సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు పెట్టుకుంటారు. ఈమెకు సమాధి లేదు. అందుకని నారాయణగూడ సిమెట్రీలో, గడ్డి మొలిచి ఎవరూ పట్టించుకోని ఒక సమాధిని ఎంచుకుంది. యాభై ఏళ్లుగా దానికే సున్నం వేయిస్తోంది, దానికే కొవ్వొత్తి పెడుతోంది. ఎందుకండీ అని ఒకసారి అడిగాను. "మా ఆయన ఎక్కడున్నాడో అక్కడ ఎవరైనా పెడుతున్నారేమో కదండీ. వీళ్లాయనకు నేను పెడుతున్నాను" అంది. ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ తిరుగుతున్నాయి.

సోమవారం ఉదయం పదిన్నరకు నేను బైండింగు గదిలోనే ఉన్నాను. క్యాంపస్‌లో నడక ముగించుకుని, చిరిగిన నా పాత డైరీని కుట్టించుకుందామని వెళ్లి ఆమె చేత చివాట్లు తింటున్నాను. అప్పుడు ఫోను మోగింది.

"సుకన్య మేడమేనా? నేను సుబేదార్ లక్ష్మీనర్సయ్యని మాట్లాడుతున్న. మాది సిద్దిపేట దిక్కు. మీ నంబరు నర్సాపురం పాస్టర్ సాబ్ ఇచ్చిండు. అక్కా, మీ నాయిన పేరు శాంతికుమారేనా?"

సుకన్య చేతిలో సూది అలాగే ఆగిపోయింది. ఫోను స్పీకరులో పెట్టింది.

ఆ సుబేదారు చెప్పింది ఇదీ. ఈ ఏడు ఎండలకు అక్కడ మంచు బాగా కరిగింది. వెతుకుతున్న జట్టుకు నలుగురి అవశేషాలు దొరికాయి. ముగ్గురి పేర్లు తెలిశాయి. నాలుగో ఆయన ఒంటి మీద పేరున్న బిళ్ల లేదు. ఎముకలు డీఎన్‌ఏ పరీక్షకు పంపితే, పోల్చడానికి పనికొచ్చేదేమీ దొరకలేదు. జేబులో మైనపుగుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం మాత్రం ఉంది. దాని ఫోటో, ఆచూకీ తెలియని వాళ్లందరి ఇళ్లకూ పంపుతున్నారు.

"పేజీలన్నీ చూసినం అక్కా. ఒక్క అక్షరం లేదు, అంత కడుక్కపోయింది. మల్ల మంచు షురువైతే బాట బందైతది. అందుకే శుక్రవారం నాడు పేరు తెల్వనోళ్ల లెక్క ఈడనే సైనిక మర్యాదతో దహనం చేస్తరు. మీరు గుర్తువడితే చెప్పున్రి."

ఫోటో వచ్చింది. అరచేతిలో పట్టేంత పుస్తకం, నీలం కాలికో గుడ్డ, మూలలకు తోలు. సుకన్య దాన్ని వేళ్లతో పెద్దది చేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ లోపలికి తెచ్చి చూసింది. అట్ట ఊడిన చోట లై కనిపిస్తోంది. అది తెల్లగా లేదు, లేత నీలిరంగులో ఉంది.

"మైలుతుత్తం!" అని అరిచింది. బయట రీడింగ్ రూములో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కూడా తలెత్తి చూశారు. "సార్, మా తాత లైలో మైలుతుత్తం ఎక్కువేస్తడు, పురుగు పట్టొద్దని! చూడున్రి, ఆ మూల మడత చూడున్రి! మా తాత నాకు నేర్పిన మడతే ఇది!"

"మైలుతుత్తం చాలామంది వేస్తారు కదమ్మా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమె చూసిన చూపుకి నేను నా డైరీతో పాటు అట్టలోకి దూరిపోయేవాణ్ణే.

కానీ సుబేదారు కూడా అదే అన్నాడు. రంగు, మడత చాలవు, మేజర్ సాబ్ ఒప్పుకోడు, పేరు కావాలి. "పేరు ఏడుంటదక్కా, అన్ని కాయితాలు కోరాగున్నయి" అన్నాడు పాపం.

అప్పుడు సుకన్య కూర్చుంది. ఆమె గట్టిగా మాట్లాడినప్పుడు కంటే మెల్లగా మాట్లాడినప్పుడే నాకు భయం.

"అన్నా, వెన్ను విప్పి చూసిన్రా?"

సాయంత్రం నేనూ వాళ్లింటికి వెళ్లాను. ఆగలేకపోయాను. సారమ్మగారు ఫోటో చూసి ఏడవలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత లోపలికి వెళ్లి నాలుగు వరసల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. అదే నీలం గుడ్డ, అదే తోలు మూలలు.

"ఫోటోలో ఉన్నది ఆయన ఆఖరిసారి సెలవుకొచ్చినప్పుడు కొట్లో కూర్చుని కుట్టుకున్నాడు" అంది. "మా పెళ్లికి కార్డులు పక్క అచ్చాఫీసులోనే వేయించారండీ. జూన్ ఎనిమిది అని వెయ్యమంటే పద్దెనిమిది అని వేశారు. ఊరంతా చుట్టాలేమో, ఎనిమిదో తారీకున పెళ్లైపోయాక పద్దెనిమిదిన తీరిగ్గా దిగుతారు కదా! పంచకుండానే అవన్నీ కట్టలు కట్టలు కొట్లో మిగిలిపోయాయి. మా మామగారు పారేసే మనిషా? మూడేళ్లపాటు నరసాపురంలో కుట్టిన ప్రతి పుస్తకం వెన్నులోనూ మా పెళ్లికార్డే."

సుకన్య లేచి నిలబడింది. "అమ్మా! ఈ మాట ఇన్ని రోజులు చెప్పలేదేందే?"

"పాడైపోయిన పెళ్లికార్డు సంగతి ఎవరైనా చెప్పుకుంటారా?" అని కసిరింది తల్లి. తర్వాత కొంచెం ఆగి, "ఇంకోటుంది" అంది. "ఆ కార్డు ముక్క వెనక వైపు ఆయన పెన్సిలుతో ఏదో రాశాడు. నేను తొంగిచూస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. రాసింది లోపలికి వచ్చేట్టు అంటించేశాడు. ఏవిటండీ అది అంటే, మళ్లీ సెలవుకొచ్చినప్పుడు విప్పి చూపిస్తానన్నాడు. ఏం రాశాడో అని యాభై ఏడేళ్లుగా ఆలోచిస్తున్నాను."

పెన్సిలు! నేను, సుకన్య మొహాలు చూసుకున్నాం. ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్లలో పోతుంది. అచ్చు సిరా నూనె సిరా, అంత సులువుగా పోదు. పెన్సిలు అసలే పోదు. లైబ్రరీలో వానకు తడిసిన రిజిస్టర్లు ఎన్ని చూశాం మేము!

మంగళవారం మేజర్ కాదన్నాడు. ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని ముక్కలు చేస్తే రేపు ఇంకో కుటుంబం వచ్చి అడిగితే ఏం చెబుతానన్నాడట. ఆయన మాటా న్యాయమే. సుకన్యకు అది అర్థమైంది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ రోజు ప్రెస్సు చక్రాన్ని ఎంత బిగించిందంటే ముగ్గురం కలిసి విప్పాల్సొచ్చింది.

బుధవారం ఉదయం నా దగ్గరికొచ్చి, "సార్, మీకు మెమోలు రాసుడు వస్తది కదా. ఒకటి మంచిగ రాయున్రి" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నా రాతను ఆమె మెచ్చుకుంది ఆ ఒక్కసారే. నేను ఇంగ్లీషులో రెండు పేజీల అర్జీ రాశాను. అందులో అసలు ముక్క సుకన్యదే. ముందు మా దగ్గరున్న పుస్తకం వెన్ను మీ కళ్లముందు విప్పుతాం. అందులో తప్పు తేదీ పడ్డ పెళ్లికార్డు కనబడితేనే మీ దగ్గరున్నది విప్పండి. కనబడకపోతే మీ పుస్తకం జోలికి పోవద్దు.

"సుకన్యా, మీ పుస్తకంలో కార్డు లేకపోతే?" అని అడిగాను. తాత ఆ రోజు చేతికందిన ఇంకో చిత్తుకాగితం వాడి ఉంటే ఇక్కడితో కథ అయిపోయినట్టే.

"అంటే మా నాయిన శుక్రవారం నాడు పేరు లేకుండ కాలిపోతడు" అంది.

సాయంత్రం ఐదుకు సుబేదారు ఫోను చేశాడు. "మేజర్ సాబ్ ఒప్పుకున్నడక్కా! రేపు పదకొండు గంటలకు వీడియో కాల్. ఒక్క గంటనే టైం!"

గురువారం సన్నటి వాన. సారమ్మగారు తెల్లచీర కట్టుకుని, అల్లుడితో ఆటోలో క్యాంపస్‌కి వచ్చింది. బైండింగు గదిలో సిగ్నలు రాదు. అందుకని లైబ్రరీ ముందు వరండాలో బల్ల వేశాం. బల్ల మీద నాలుగు వరసల పుస్తకం, వెదురు పుల్ల, దూది, టీ కాచే కెటిల్. ఫోను పట్టుకునే పని నాకు అప్పజెప్పింది. "ముప్పై ఏళ్లు ఫైళ్లు పట్టుకుని కదలకుండ కూర్చున్న చెయ్యి సార్ మీది" అంది. అంత ఆందోళనలోనూ నన్ను వదల్లేదు.

ఫోనులో ఒక గుడారం, ఇనప పొయ్యి, కోటు వేసుకున్న మేజరు, పక్కన లక్ష్మీనర్సయ్య కనిపించారు. పుస్తకం పొయ్యి పక్కన స్టూలు మీద ఉంది.

"పొయ్యి కాడ పెట్టిన్రా?" సుకన్య కేకకు వరండా అంతా దద్దరిల్లింది. "తియ్యున్రి! ముందు తియ్యున్రి దాన్ని!"

"తడిగున్నదని ఆరవెట్టిన అక్కా..."

"యాభై ఏడేండ్లు తడిగనే ఉన్నది కదన్నా! ఇప్పుడేం తొందర? ఎండితే లై రాయి అయితది, పట్టీ చినుగుతది!"

సుబేదారు పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి దూరంగా పెట్టాడు. పొయ్యి వైపు ఉన్న అంచు అప్పటికే బిగుసుకుపోయింది. సుకన్య పళ్లు కొరికింది.

ముందు మా పుస్తకం. యాభై ఎనిమిదేళ్లుగా వాళ్లింటి పుట్టుకలూ పెళ్లిళ్లూ మోసిన పుస్తకాన్ని సుకన్య తల్లి ముందు పెట్టి, "విప్పనా అమ్మా?" అని అడిగింది. సారమ్మగారు తలూపింది. కెటిల్ మూతిలోంచి వచ్చే ఆవిరిని వెన్నుకు పట్టించింది. గుడ్డ మెత్తబడింది. వెదురు పుల్లను అంచున దూర్చి, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోయింది. నా చెయ్యి కదలకూడదని శ్వాస కూడా తీయలేదు నేను.

గుడ్డ లేచింది. కింద గోధుమరంగు కాగితం. దాని మీద అచ్చు అక్షరాలు సగం సగం తెగి ఉన్నాయి. సుకన్య తడి దూదితో ఒత్తి నీలిరంగు లైని తీసింది.

"...గురువారం, జూన్ 18..."

"పద్దెనిమిది!" సారమ్మగారు చప్పట్లు కొట్టింది. నిజంగానే చప్పట్లు కొట్టింది, డెబ్బై ఏడేళ్ల మనిషి. అటువైపు మేజరు ముందుకు వంగి చూసి, సుబేదారుకు ఏదో చెప్పాడు.

"సాబ్ విప్పుమంటుండక్కా!"

ఇక మొదలైంది. సుకన్య ఇక్కడ గాలిలో వేళ్లు కదిలిస్తుంటే అక్కడ లక్ష్మీనర్సయ్య వేళ్లు కదిలాయి. "ఆవిరి దగ్గరకొద్దు, జానెడు దూరం. ఆఁ. మెల్లగ తిప్పు. గుడ్డ మెత్తగైందా? వేలితో నొక్కి చూడు. ఇంకా కాలే. ఇంకొంచెం." మంచుకొండల్లో తుపాకీ పట్టుకునే మనిషి, వెదురు పుల్ల దొరక్క అగ్గిపుల్లను చెక్కుకుని, సుకన్య చెప్పిందల్లా నోరెత్తకుండా చేస్తున్నాడు. మా లైబ్రరీలో ఒక్కడూ ఇంత వినయంగా ఆమె మాట వినలేదు. రీడింగ్ రూము పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. పొయ్యి వేడికి బిగిసిన అంచు దగ్గర పుల్ల ఆగిపోయింది.

"గుంజకు!" అంది సుకన్య. "అది వదిలెయ్యి. రెండో దిక్కునుంచి రా."

పదకొండూ నలభై ఐదు. రెండో దిక్కునుంచి గుడ్డ మెల్లగా లేచింది. బిగిసిన అంచున ఒక గోరంత ముక్క చిరిగి గుడ్డతోనే పోయింది. మిగిలింది అలాగే ఉంది. సుబేదారు తడి దూదితో ఒత్తి, ఫోను దగ్గరికి తెచ్చాడు. అంతా మసకగా ఉంది. మళ్లీ ఒత్తాడు. తర్వాత అతనే చదివాడు, బళ్లో పిల్లవాడిలా కూడబలుక్కుంటూ.

"శాంతికు... తర్వాత చినిగింది. కింద... సార... సారమ్మ. దాని కింద జూన్... ఒకటి... ఎనిమిది. పద్దెనిమిది అక్కా! పద్దెనిమిదే ఉన్నది!"

వరండాలో ఒక్కసారిగా అరుపులు. ఎవరో పిల్లవాడు ఈల కూడా వేశాడు. విజయ్ కుమార్ గోడకు ఆనుకుని నిలబడి బావురుమన్నాడు. అటువైపు మేజరు లేచి, టోపీ సర్దుకుని, ఫోనుకు ఎదురుగా నిలబడి సెల్యూట్ చేశాడు. అది సారమ్మగారికి. ఆమె ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ జోడించింది.

"చాలక్కా, ఇగ పేరు దొరికింది. సాబ్ కాయితాలు రాస్తుండు" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"చాలదు బాబూ" అంది సారమ్మగారు. "వెనక్కి తిప్పు."

వెనక్కి తిప్పాలంటే ఆ పట్టీని కుట్టు మీదనుంచి పూర్తిగా ఊడదీయాలి. సుకన్య చెప్పడం మొదలుపెట్టిందో లేదో, ఫోనులో బొమ్మ ఆగిపోయింది. సుబేదారు మొహం సగంలో నిలిచిపోయింది. నేను ఫోను పైకెత్తి, కిందికి దించి, వానలోకి వెళ్లి నిలబడ్డాను. నా వెనకాలే ఎవరో గొడుగు పట్టారు. ఒక నిమిషం. రెండు. ఐదు. "అసలు ఈ టవరు ఎవడు పెట్టిండు గిక్కడ!" అని సుకన్య టెలిఫోను కంపెనీల వంశవృక్షం అందుకుంది. ఆరో నిమిషంలో గొంతు వచ్చింది, బొమ్మ రాలేదు.

"అక్కా, ఇనవడుతుందా? తీసిన! మీరు చెప్పినట్టే ఆవిరి పట్టి తీసిన, చినగలే!"

"ఏమున్నది?"

"పెన్సిల్ రాత ఉన్నది. సదవాల్నా?"

సుకన్య తల్లి వైపు చూసింది. సారమ్మగారు బల్ల అంచు పట్టుకుంది.

"చదువు బాబూ."

"మగపిల్లవాడైతే... సారా ఇష్టం. ఆడపిల్లయితే దయామణి. ఇందులో మార్పు లేదు." కొంచెం ఆగి, "గంతే అమ్మా" అన్నాడు.

సారమ్మగారు నోరు తెరిచింది. నేను ఆమె పడిపోతుందేమోనని ఒక అడుగు ముందుకేశాను.

"దయామణా!" అంది. "వాళ్ల నాయనమ్మ పేరు! వొద్దని చెప్పానా లేదా! ఆ జనవరి నెలంతా దెబ్బలాడుకున్నాం ఉమాపతిగారూ! ఆ ముసలమ్మ పేరు నా పిల్లకు పెట్టనంటే పెట్టనన్నాను. సరేలే సారా, నీ ఇష్టం అన్నాడు. అన్నాడండీ! ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను. ఒప్పుకున్నట్టు ఒప్పుకుని, తీసుకెళ్లి పుస్తకంలో అంటించుకున్నాడా!"

ఆమె నవ్వుతోంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపైంది. యాభై ఏడేళ్ల నాడు రావలసిన ఏడుపు అది. సుకన్య తల్లిని గట్టిగా పట్టుకుంది. మేమందరం నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాం. నాకు మాత్రం ఒకటే అనిపించింది. మొగుడి మీద కోపం వచ్చిందంటే ఆమెకు మొగుడు దొరికినట్టే.

శుక్రవారం అక్కడ ఎవరినీ పేరు లేకుండా సాగనంపలేదు. తర్వాతి బుధవారం జెండా కప్పిన చిన్న పెట్టె హైదరాబాదు వచ్చింది. లక్ష్మీనర్సయ్యే తీసుకొచ్చాడు, కావాలని డ్యూటీ వేయించుకుని. నారాయణగూడలో, సారమ్మగారు యాభై ఏళ్లు సున్నం వేయించిన ఆ ఎవరిదో సమాధికి నాలుగు వరసల అవతల స్థలం దొరికింది. నవంబరులో రెండింటికీ కొవ్వొత్తి పెడతానని ముందే చెప్పేసింది. ఇన్నాళ్లు తోడున్న మనిషిని ఎలా వదిలేస్తానంది.

సుకన్య వాళ్లింటి పుస్తకాన్ని మళ్లీ కుట్టింది. ఎప్పుడూ "ఏ సోమవారం సార్?" అనే మనిషి దాన్ని ఒక్క పూటలో పూర్తి చేసింది. వెన్నులో ఈసారి ఏం కాగితం అంటించావని అడిగితే, "అది బైండరుకే తెలుస్తది సార్" అని ఊరుకుంది. నేనూ రెట్టించలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను పిలిచారు. సారమ్మగారు బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. శాంతికుమార్ పేజీ. నాలుగో వరసలో తేదీ రాయడానికి సుకన్య పెన్ను ఇస్తే పక్కకు నెట్టి, పెన్సిలు అడిగింది. నెమ్మదిగా, టీచరమ్మ అక్షరాలతో రాసింది. రాసి, పెన్సిలు పక్కన పెట్టి, కళ్లజోడు తీసింది.

"దయామణీ" అంది ఆ తర్వాత, తల తిప్పకుండానే. "ఉమాపతిగారికి కాస్త టీ పెట్టవే."

టీ పెట్టమంటే పది మాటలు అనందే లేవని సుకన్య, "ఆఁ, పెడుతున్న అమ్మా" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.